అరవై చువ్వలు

ప్రియమైన మరదలికి,

నీ వదిన ఆశీస్సులు. అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. ఒంట్లో క్షేమమే. మనసులో కాదు.

ఈ ఉత్తరానికి ఒకరోజు ముందో వెనకో నీకు లారీలో ఒక చక్రం వస్తుంది. గోనెపట్టాలో చుట్టి, పైన మీ అన్నయ్య "జాగ్రత్త, గాజు సామాను" అని రాశారు. ఇనుప చక్రానికి గాజేమిటండీ అంటే, "అలా రాస్తేనే కూలీలు విసిరేయకుండా దించుతారే" అన్నారు. ఆ పాత నల్ల కారుదే. ముందు ఎడమ చక్రం. గతుకులో పడి నాలుగు చువ్వలు తెగాయి, రిమ్ము వంగింది. "మిగతా మూడూ చెల్లి కట్టినవే కదా, ఇదొక్కటే పాతది మిగిలింది. దాని చేతిలో పడితే వారంలో కొత్త చక్రమై వస్తుంది" అని సంబరపడుతున్నారు. ఇంకో ఆరు వారాల్లో పాతబళ్ల సంఘం వాళ్ల కొండదారి యాత్ర ఉంది. దానికి ఎలాగైనా కారు తీయాలని ఆయన పంతం.

అమ్మాయ్, నాకు భయంగా ఉంది. పోయినేడాది యాత్రలో టైలరు గారి బండి మా ముందే వెళ్తోంది. మూడో మలుపులో ఆయన ముందు కుడి చక్రం తడిసిన అట్టలా మడత పడడం నేను కళ్లారా చూశాను. పెద్ద చప్పుడు కూడా కాలేదు. బండి అలా పక్కకి ఒరిగి, గట్టు దాటి, కనపడకుండా పోయింది. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు, పన్నెండో రోజు పోయాడు. తొందర మనిషి, మలుపులో కూడా వేగం తగ్గించడు అని సంఘంలో అందరూ అన్నారు. నేనూ అన్నాను. మీ అన్నయ్య నెమ్మది మనిషి కాబట్టి మాకేమీ కాదులే అనుకోవడానికి ఆ మాట పనికొచ్చింది. కానీ ఆయన షెడ్డు తలుపు తీసిన ప్రతిసారీ ఆ చక్రమే నా కళ్లముందు మడత పడుతోంది.

నా మాట ఆయన వినరు. చక్రం విషయంలో నీ మాట ఒక్కటే వింటారు. నా కోసం ఒక్క అబద్ధం ఆడతావా? "అన్నయ్యా, ఇది బాగుపడదు" అని రాసి వెనక్కి పంపెయ్యి. చక్రం లేక కారు దిమ్మల మీదే ఉండిపోతుంది. నా నోట అబద్ధం రానీయకు స్వామీ అని రోజూ వేడుకునేదాన్ని, ఈ రోజు నీ నోట ఆడిస్తున్నాను. ఆ పాపం నాదే, నీకు అంటదు.

టెలిఫోను చేద్దామనుకుంటే నువ్వు రెండు మాటలకే "సరే వదినా, ఉంటాను" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. చదివి చించెయ్యి.

ఇట్లు
నీ వదిన


ప్రియమైన వదినకి,

నమస్కారాలు. గాజు సామాను భద్రంగా చేరింది. కూలీ దాన్ని పసిబిడ్డలా పట్టుకొచ్చి దించాడు. అన్నయ్య తెలివి అన్నయ్యదే.

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయనిది కోపం వచ్చి కాదు. నాన్న ఏ చక్రాన్నీ చేతకాదని వెనక్కి పంపలేదు. ఆయన పోయాక ముప్ఫై ఏళ్లుగా నేనూ పంపలేదు. దీన్ని స్టాండుకెక్కించి నాలుగు రోజులు దాని ముందు కూర్చున్నాను. తెగిన చువ్వలు మార్చి బిగించాను కూడా. మళ్లీ అన్నీ విప్పేశాను. చివరికి నువ్వు చెప్పినట్టే చేశాను. రిమ్ములో సన్న పగులుంది, నా వల్ల కాదు అని అన్నయ్యకి వేరే కవరులో రాశాను. చక్రం రేపటి లారీలో తిరిగి వస్తుంది.

రాసేటప్పుడు చెయ్యి వణుకుతుందనుకున్నాను వదినా. వణకలేదు. నాకు దానికే భయం వేసింది.

పాపం అంటదని నువ్వు హామీ ఇస్తే సరిపోదు, మీ దేవుడు సంతకం పెట్టాలి. సరదాకి అన్నానులే, మనసులో పెట్టుకోకు.

టైలరు గారి భార్య ఎలా ఉంది? నువ్వు ఆవిడని చూడడానికి వెళ్తుంటావు కదా. నేను అడిగానని మాత్రం చెప్పకు.

నీ మరదలు


ప్రియమైన మరదలికి,

నీకు వెయ్యేళ్లు ఆయుష్షు. నీ ఉత్తరం ఆయనకి ముందు అందింది, చక్రం తర్వాత వచ్చింది.

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. ఉత్తరం మూడుసార్లు చదువుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "పాపం" అన్నారు. ఎవరండీ పాపం అంటే, "ఏం లేదులే" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ పూట అన్నం సయించలేదు. నాకు జాలేసింది, కానీ మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు సాయంత్రాలు గడియారాల మేస్త్రి ఇంటికి కబుర్లకి వెళ్తున్నారు. వెళ్లనీ. కబుర్లతో ఎవరూ లోయలో పడరు కదా.

టైలరు గారి భార్యని మొన్న చూసి వచ్చాను. ఆయన కుట్టుమిషను ఆవిడే తొక్కుతోంది. పాత గిరాకీ సగం తిరిగి వచ్చిందట. నేను వెళ్లినప్పుడల్లా ఒకే మాట అంటుంది: "మా ఆయన బండి నెమ్మదిగానే నడిపేవాడమ్మా." నేను తల ఊపుతాను. నమ్మను. ఆవిడకి ఆ సంగతి తెలుసు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఒంటరిగా ఉన్నానని ఒక పూట తిండి మానేయకు.

నీ వదిన


ప్రియమైన మరదలికి,

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. ఆలస్యం చేయకు.

మనం చేసిన పని తిరగబడింది. మీ అన్నయ్య కబుర్లకి వెళ్లడం లేదు. ఆ చక్రాన్ని మేస్త్రి ఇంట్లో పెట్టి, సంఘం వాళ్లంతా కలిసి ఈ మూడు వారాలూ బాగు చేశారు. నిన్న మధ్యాహ్నం నలుగురూ మోసుకొచ్చి కారుకి తగిలించారు. నేను టీ పట్టుకెళ్లేసరికి షెడ్డులో పెళ్లి సందడి.

తుప్పు తీసింది పళ్ల డాక్టరట, పళ్లు అరగదీసే మరతో. "డాక్టరు గారూ, ఊపేస్తే ఊడొస్తుందేమో చూడండి, పీకేద్దురు గాని" అని మేస్త్రి వేళాకోళం. "నీ గడియారం కాదయ్యా ఇది, రోజుకో నిమిషం వెనకబడినా సర్దుకుపోవడానికి" అని మీ అన్నయ్య. రిమ్ము వంకర మేస్త్రి తీశాడు. తెగినవాటికీ తుప్పు తిన్నవాటికీ బదులు చువ్వలేమో బస్సు డ్రైవరు తెచ్చాడు, ఎవరిదో వేరే బండివి. "పిసరంత పొడుగేనమ్మా. పర్లేదు, మరలో బాగానే బిగుసుకున్నాయి. నేను బిగిస్తే ఇంక ఎవడూ విప్పలేడు" అని నవ్వాడు.

"ఇంతకీ రిమ్ములో పగులు ఏదయ్యా? భూతద్దం పెట్టి వెతికాను, వెంట్రుకంత కూడా లేదు" అన్నాడు మేస్త్రి. నేను పళ్లెం కింద పెట్టేశాను. మీ అన్నయ్య నా వైపు చూడలేదు. "ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తాగండి, చల్లారిపోతుంది" అన్నారు. వాళ్లు వెళ్లాక నాతో, "చెల్లికి ఈ సంగతి రాయకు. బాధపడుతుంది" అన్నారు.

అమ్మాయ్, నువ్వు కట్టి ఉంటే చక్రం గట్టిగా ఉండేది. నా అబద్ధం వల్ల ఇప్పుడది పళ్ల డాక్టరు, గడియారాల మేస్త్రి కట్టిన చక్రమైంది. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం యాత్ర. నిజం చెప్పేద్దామని నోరు తెరుస్తాను, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకుంటాను. ఏం చెయ్యను?

నీ వదిన


ప్రియమైన వదినకి,

ముందు ఇది చదువు, తర్వాత ఏడుద్దువు గాని.

పొడుగు చువ్వలు అన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. చువ్వ చివర చిన్న మరబిళ్ల ఉంటుంది. చువ్వ పొడుగైతే ఆ బిళ్ల మర చివరికంటా వెళ్లి ఆగిపోతుంది. ఇంక తిరగదు. తిప్పేవాడు బిగుసుకుంది అనుకుంటాడు. నిజానికి చువ్వ వదులుగానే ఉంటుంది. చేత్తో ఊపినా తెలియదు. చెవికి తెలుస్తుంది.

కారు ఇంకా దిమ్మల మీదే ఉందా? ఉంటే నీ పని సులువు. అన్నయ్య మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు స్టీలు గరిటె ఒకటి, సుద్దముక్క ఒకటి పట్టుకుని షెడ్డులోకి వెళ్లు. చక్రానికి అరవై చువ్వలుంటాయి. లోపలి వరుసవి పొడుగు, కొంచెం లావు గొంతు. బయటి వరుసవి పొట్టి, సన్న గొంతు. గరిటె కాడతో ఒక్కోదాన్నీ నడిమధ్యన మెల్లగా కొట్టు. ఒక వరుసలోవన్నీ ఒకే గొంతుతో పలకాలి. పలక్కుండా టక్కుమన్న ప్రతిదానికీ సుద్దగుర్తు పెట్టు. నీకు కష్టం కాదు. ప్రార్థనలో పదిమంది పాడుతుంటే ఎవరి శ్రుతి తప్పిందో కళ్లు మూసుకుని చెప్పే మనిషివి. అన్నయ్యకి ఆ చెవి లేదనే నాన్న ఈ పని నాకు నేర్పాడు.

ఎన్ని పలకలేదో రాయి. నేనే వచ్చి చూడొచ్చు కదా అంటావేమో. రాలేను. ఎందుకని ఇప్పుడు అడగకు.

మన అబద్ధం గురించి అన్నయ్యకి ఇంకా చెప్పకు.

నీ మరదలు


ప్రియమైన మరదలికి,

చెప్పేశాను. నన్ను క్షమించు.

నువ్వు రాసినట్టే నిన్న భోజనాలయ్యాక షెడ్డులో నేల మీద కూర్చుని మొదలుపెట్టాను. మొదటి చువ్వ కొట్టేటప్పుడు ఎవరి ఇంటి తలుపో తడుతున్నట్టు సిగ్గేసింది. నాలుగోదానికి చెవి కుదిరింది. టింగ్, టింగ్ అని చక్కగా పలికాయి. ఇరవై రెండోది టక్కుమంది. నేనే సరిగ్గా కొట్టలేదేమో అనుకున్నాను. పక్కదీ అంతే. ఆ పక్కదీ. వరుసగా పదకొండు, అమ్మాయ్. చెక్కని కొట్టినట్టు. మూడో మలుపు కళ్లముందుకొచ్చింది.

తల ఎత్తితే గుమ్మంలో మీ అన్నయ్య.

"ఏం చేస్తున్నావే?"

"చువ్వలు కొడుతున్నానండీ."

"వంట గరిటెతోనా?"

ఇంక ఆపుకోలేకపోయాను. నేనే నీ చేత అబద్ధం రాయించానని, చక్రం బాగుపడేదేనని, ఇప్పుడిలా అయిందని అంతా చెప్పేశాను. తిడతారనుకుంటే, ఆయన వచ్చి నా ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు.

"అబద్ధమా? చేతకాదన్న మాట నిజమనుకున్నానే" అన్నారు. "పగులు లేదని నాకు మొదటిరోజే తెలుసు. చెల్లికే చేతకాక అలా రాసిందనుకున్నా. సిగ్గుపడి దాచుకుంటోందని, దాని ముందు ఎత్తకూడదని ఊరుకున్నా."

నాలుగు నెలల కింద నీ షాపుకి వచ్చినప్పుడు నువ్వు ఆయన్ని చూడకముందే ఆయన నిన్ను చూశారట. స్క్రూడ్రైవరు పిడి పళ్ల మధ్య కరిచి పట్టుకుని, మొన చువ్వకి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నావట. వెనక నుంచి మూడుసార్లు "చెల్లీ" అని పిలిచినా తిరగలేదట. అప్పుడు పనిలో మునిగావనుకున్నారట, నీ ఉత్తరం చదివాకే సంగతి అర్థమైందట. అమ్మాయ్, నీకు వినపడడం లేదా? నాకెందుకు చెప్పలేదు? టెలిఫోను పెట్టేస్తే పొగరనుకున్నాను.

సాయంత్రం సంఘం వాళ్లని పిలిచి చూపించారు. బస్సు డ్రైవరు ఆ పదకొండూ విప్పి చూసి, ముఖం మాడ్చుకుని, తన బండికి ఉన్న పాత చక్రమే తెచ్చి ఇచ్చాడు. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, ఎవరి చెయ్యీ పడలేదు. అరవై చువ్వలూ కొట్టి చూశాను. అన్నీ పలికాయి. మిగతా మూడు చక్రాలూ నీ చెవులు బాగున్నప్పుడు నువ్వు కట్టినవి కాబట్టి కొట్టాల్సిన పనే లేదు అన్నారు ఆయన. నేనూ అదే అన్నాను.

ఇన్నాళ్లకి నా గుండె కుదుటపడింది. ఆదివారం నేను కూడా ఆయన పక్కన కూర్చుని వెళ్తున్నాను.

నీ వదిన


వదినా,

కారు తీయనివ్వకు. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆదివారం లోపు అందదని అటు వచ్చే లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. మీ గుమ్మంలో నీ చేతికే ఇమ్మని ఒట్టు వేయించుకున్నాను. మిగతాది తర్వాత చదువు. ముందు వెళ్లి కారు తాళం తీసుకుని నీ దగ్గర పెట్టుకో.

నాలుగు నెలలు కాదు. మూడేళ్లయింది. రేకులు, రిమ్ములు సుత్తితో కొట్టీ కొట్టీ చెవులు పోయాయని డాక్టరు చెప్పాడు. ముందు సన్న గొంతులు పోయాయి. పొట్టి చువ్వలు పలకడం మానేశాయనిపించింది. తప్పు వాటి మీదికి నెట్టి, చువ్వల రకం మార్చాను. తర్వాత చేతి వాటంతో బిగించాను, ముప్ఫై ఏళ్ల చెయ్యి కదా అని. చువ్వ అదురుని పళ్లతో పట్టి చూడడం ఈ ఏడాదే మొదలుపెట్టాను. అది కూడా లావు గొంతులకే పనిచేస్తుంది. మీ కారు మూడు చక్రాలు కట్టింది రెండేళ్ల కింద. అవి పలికాయో లేదో నాకు తెలియదు.

నువ్వు అబద్ధం ఆడమన్నప్పుడు నా చెయ్యి ఎందుకు వణకలేదో ఇప్పుడు తెలిసిందా? అది అబద్ధం కాదు వదినా. నాలుగు రోజులు కూర్చుని కట్టలేకపోయాను. నా వల్ల కాదు అని రాసుకునే ధైర్యం నాకు లేదు. నువ్వు అడిగావు కాబట్టి నీ పేరు చెప్పుకుని రాసేశాను.

ఇంకొకటి ఉంది. టైలరు గారి ముందు కుడి చక్రం నేనే కట్టాను. యాత్రకి నెల ముందు ఆయన ఎవరికీ చెప్పకుండా బస్సులో పట్టుకొచ్చాడు. "సంఘంలో నేనే కట్టుకున్నానని చెప్పుకుంటానమ్మా, నీ పేరు బయటికి రానీయకు" అని నవ్వుతూ అడిగాడు. నేనూ నవ్వి సరే అన్నాను. ఆయన పోయాక ఆ సరే నాకు అడ్డంపడి కాపాడింది. అందరూ ఆయన వేగమే కారణమన్నారు. నిజంగా వేగమేనేమో. కాదేమో. ఏడాదిగా నాకు నిద్ర లేదు. ఆవిడ ఎలా ఉందని నిన్ను అడిగిన రోజు కూడా నిజం రాద్దామనే కూర్చున్నాను.

ఉత్తరం అందిందని ఒక్క ముక్క రాసి, అదే డ్రైవరుకి ఇచ్చి పంపు. అతను తిరిగొచ్చేదాకా నేను షాపు గుమ్మం వదలను.

నీ మరదలు


ప్రియమైన మరదలికి,

మేం బయల్దేరలేదు. ముందు ఊపిరి తీసుకో. నీ లారీ డ్రైవరు ఈ రాత్రికి తిరిగి వస్తున్నాడు, తెల్లారేలోపు నీకు అందేలా ఇది అతని చేతికే ఇస్తున్నాను.

శనివారం పొద్దున పదకొండింటికి డ్రైవరు వచ్చాడు. మీ అన్నయ్య కారు దీపాలు తుడుస్తున్నారు. నేను గుమ్మంలోనే చదివి, నేరుగా వెళ్లి తాళం తీసి కొంగున ముడేసుకున్నాను. తర్వాత ఉత్తరం ఆయనకి ఇచ్చాను. ఆయన చదవడం పూర్తయ్యేలోపు నేను గరిటెతో కూర్చున్నాను.

రెండు చక్రాలు బాగానే ఉన్నాయి. వెనక కుడి చక్రం బయటి వరుసలో ఏడు పలకలేదు. ఒక చువ్వని వేళ్లతో పట్టుకుంటే తిరిగింది. మీ అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "నువ్వు ఈ వైపు కూర్చునేదానివి కదూ" అన్నారు. వెనక సీటులో కూర్చుంటానన్నానని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. పక్కన కూర్చుంటానని నీకు గొప్పగా రాశాను కానీ, తర్వాత భయమేసి మనసు మార్చుకున్నాను.

సాయంత్రానికి సంఘం వాళ్లందరినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. నీ పేరు కూడా దాచలేదు. పళ్ల డాక్టరు తల గోక్కుంటూ, "నా బండి వెనక రెండు చక్రాలూ ఆవిడే కట్టింది" అన్నాడు. "తమరే స్వయంగా కట్టుకున్నామని ఉపన్యాసం ఇచ్చారు కదండీ" అని బస్సు డ్రైవరు అన్నాడో లేదో, మేస్త్రి నేల చూపులు చూస్తూ "నావి నాలుగూ" అన్నాడు. ఒక్కొక్కరే బయటపడ్డారు. తొమ్మిది బళ్లలో ఐదింటికి నీ చక్రాలే. గొప్పలకి పోయి ఎవరికి వారే దాచుకున్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. యాత్ర మానేశారు. ఈ ఆదివారమంతా నేను ఇంటింటికీ వెళ్లి కొడుతూనే ఉన్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి. ఇప్పటికి మరో రెండు చక్రాలు విప్పించాను.

కానీ నువ్వు ఒక్క సంఘం వాళ్లకే కట్టలేదు కదా. ఈ మూడేళ్లలో ఎవరెవరికి కట్టావో అందరి పేర్లూ రాసుకుని తీసుకురా. ఒక్క పేరు కూడా వదలకు. రోడ్డు మీద పాత బండి హారను వినపడితే నా కాళ్లు ఆగిపోతున్నాయి.

టైలరు గారి భార్య దగ్గరికి ఇందాకే వెళ్లి వచ్చాను. నిజం నేను చెప్పలేదు. అది నీ నోటితో చెప్పాల్సింది. కానీ ఒక్కదానివే చెప్పక్కర్లేదు. ఆయన తొందర మనిషని ఏడాది పాటు అన్న నోరు నాది. నేనూ చెప్పుకోవాల్సింది ఉంది. నేను వెళ్లేసరికి ఆవిడ మిషను తొక్కుతోంది.

"యాత్ర ఆగిపోయిందట కదా. ఏమైంది?" అంది.

"మా మరదలు వస్తోందమ్మా. తను వచ్చి చెప్తుంది" అన్నాను.

"మీ మరదలంటే, ఆ చక్రాల షాపు ఆవిడేనా?"

ఔనన్నాను. ఆవిడ కాలు మిషను మీద ఆగింది. నా ముఖంలోకి అలా చూస్తూ ఉంది. నేను కళ్లు దించుకున్నాను. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. లేచి, ఎదురుగా ఉన్న కుర్చీ మీది బట్టలన్నీ తీసి పక్కన పెట్టి, దాన్ని తన కుర్చీకి దగ్గరగా లాగింది.

"ఎప్పుడొస్తుంది?" అంది.

రేపటి మొదటి బస్సెక్కు. నేను బస్టాండులో ఉంటాను.

నీ వదిన